ఎనిమిది గంటల మాత్ర

క్లాసులో నేను నిద్రపోతున్న వీడియోను ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా నేను తప్ప అందరూ చూశారు. నాకు చూపు లేదు కాబట్టి చూడలేదు, అంతే. పాఠం మధ్యలో నా గడ్డం ఛాతీ మీదికి వాలిపోయిందని, చేతిలో పుస్తకం జారి కింద పడిందని, పిల్లలు కిక్కురుమనకుండా కూర్చున్నారని మా ఆయన చెప్పాడు. ఎవరో కిటికీ అవతల నిలబడి తీశారట. కింద జనం రాసిన మాటలు కూడా చదవమన్నాను. రెండు చదివి, మూడోది మొదలుపెట్టి ఆపేశాడు. నేను మళ్ళీ అడగలేదు. వినాలనీ లేదు, వినకూడదనీ లేదు. ఆ రోజుల్లో ఏ మాటా నాకు లోపలిదాకా దిగేది కాదు.

నేను ఉదయగిరిలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. కాపురం ఆత్మకూరులో. ఇంట్లో మా ఆయన, మా అత్త, నేను. మా ఆయన బస్సు కండక్టరు. ఆయన డ్యూటీ లేని బస్సుల్లో కూడా నన్ను ఎక్కించి దించేవాళ్ళు ఆయన స్నేహితులే కాబట్టి పోయిరావడానికి ఇబ్బంది లేదు. చిన్నప్పుడు కొంచెం చూపుండేది. పదో తరగతి పరీక్షల నాటికి అదీ పోయింది. పోతే పోయిందని చదువుకున్నాను, డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇందులో గొప్పేమీ లేదు, నాలాంటి టీచర్లు జిల్లాలో చాలామందే ఉన్నారు. నాకు పిల్లలు లేరు. క్లాసులోకి అడుగుపెట్టగానే గోల తగ్గి, బెంచీలు సర్దుకుని, ఒక్క గొంతుతో గుడ్ మార్నింగ్ టీచర్ అని లేస్తారు చూడండి, ఆ చప్పుడు నాకు చాలు. అదే నాకు దక్కకుండా పోయే దాకా వచ్చింది వ్యవహారం.

గుడ్డివాళ్ళకు పగలైతే ఏంది, రాత్రయితే ఏంది అంటుంటారు మా వైపు. చిన్నప్పటి నుంచి విని విని ఆ మాటంటే నాకు ఒళ్ళు మంట. ఎందుకంటే అది నా విషయంలో శుద్ధ అబద్ధం. చూపు పూర్తిగా పోయాక కూడా ఎవరూ లేపకుండానే తెల్లవారుజామున లేచేదాన్ని. పొద్దు గూకితే ఒంట్లో ఒక బరువు దిగేది. రాత్రి తల దిండుకు ఆనిందంటే ఇక పిడుగు పడినా లేచేది లేదు. పగలేదో రాత్రేదో ఒకరు చెప్పనవసరం లేకుండానే ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. అది ఎలా తెలుస్తోందని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఊపిరి ఎలా ఆడుతోందని ఎవరు ఆలోచిస్తారు.

నాలుగేళ్ళ కింద కళ్ళల్లో నొప్పి మొదలైంది. లోపల ఒత్తిడి పెరిగిందన్నారు. చుక్కలు వేశారు, మాత్రలిచ్చారు, లేజర్ అన్నారు. ఏదీ పనిచేయలేదు. తల తీసుకుపోయి గోడకేసి కొట్టుకోవాలనిపించేంత నొప్పి. చివరికి నెల్లూరులో కంటి డాక్టరు, వీటితో చూపు ఎలాగూ లేదు, తీసేస్తే నొప్పి పోతుంది, ఇక మీ ఇష్టం అన్నాడు. నేను నిమిషం కూడా ఆలోచించలేదు. తీసేయమన్నాను. ఒకదాని తర్వాత ఒకటి రెండూ తీసేసి, కొన్నాళ్ళకు వాటి చోట కృత్రిమ కళ్ళు పెట్టారు. పాతవాటికన్నా ఇవే కళగా ఉన్నాయని స్టాఫ్ రూములో మెచ్చుకున్నారు. నొప్పి నిజంగానే పోయింది. అందుకు ఆ డాక్టరుకు ఇప్పటికీ దండం పెడతాను.

నొప్పితో పాటు ఇంకొకటి కూడా పోయిందని తెలియడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

మొదట నిద్ర కొంచెం ఆలస్యంగా రావడం మొదలైంది. ఈ రోజు పదికి వస్తే రేపు పదకొండు దగ్గరికి, ఎల్లుండి ఇంకాస్త అవతలికి. అలా జరుగుతూ జరుగుతూ తెల్లవారుజాముకు చేరేది. అక్కడా ఆగకుండా పట్టపగలు మీదికి వచ్చేది. రాత్రంతా మెలకువతో కణకణలాడి, పొద్దున బస్సెక్కగానే తల నిలబడేది కాదు. మూడో పీరియడుకు ఒంట్లో ఎముకలు తీసేసినట్టు ఉండేది. ఇంకొన్నాళ్ళకు ఆ నిద్రే మధ్యాహ్నం మీదుగా, సాయంత్రం మీదుగా తిరిగి తిరిగి మళ్ళీ రాత్రికి వచ్చేది. అప్పుడు కొన్నాళ్ళు మామూలు మనిషిని. అమ్మయ్య, తగ్గింది అనుకునేలోపు మళ్ళీ జారుడు. ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి ఇంత వరసగా ఉంది. అప్పుడు నాకు ఏ వరసా తెలియలేదు, అంతా ఒకటే బురద.

నిద్ర లేకపోతే చిరాకు వస్తుందంటారు. మొదటి ఏడాది నాకూ వచ్చింది. మా ఆయన మీద అరిచాను, కుక్కర్ మీద అరిచాను, బస్సులో పాటలు పెట్టిన డ్రైవర్ మీద అరిచాను. తర్వాత అది కూడా పోయింది. కూరలో ఉప్పు ఎక్కువైనా ఒకటే, అసలు లేకపోయినా ఒకటే. మా ఆయన బస్సులో జరిగినవి చెప్పి నవ్విస్తే, నవ్వాల్సిన చోటు వచ్చిందని గుర్తుపట్టి నవ్వేదాన్ని. నా గురించి ఎవరైనా మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ళ సంగతి విన్నట్టు వినేదాన్ని. మా అత్త ఒకసారి నా చెయ్యి గిల్లి, నొప్పి ఉండాదా లేదా అని అడిగింది. ఉంది అన్నాను. అంతే, ఉంది.

అలాంటి రోజుల్లోనే మా నాయన పోయాడు. చేజర్ల దగ్గర మా ఊళ్ళో. నాయన సంగతి ఒక్కటి చెప్పాలి. ఆయనకు చదువు రాదు. నాకు చూపు తగ్గుతున్నప్పుడు పాఠాలు చదివి వినిపించేవాళ్ళు ఇంట్లో లేరని, నలభై దాటిన మనిషి, పొలం పని అయ్యాక పక్కవీధి అయ్యవారి దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. ఒత్తులు ఆయనకు పడేవి కావు. పాపాఘ్ని నదిని పాపగిని అని చదివేవాడు. అది కాదు నాయనా అని నేను దిద్దితే, "నాకు తెలుసు లేమ్మా, నీకు తెలుసా లేదా అని చూసినాను" అనేవాడు. నేను సోషల్ టీచర్ని కావడానికి ఆ గొంతే కారణం.

అంతటి నాయన శవం పక్కన కూర్చుని నేను నిద్రపోయాను. అందరూ గుండెలు బాదుకుంటుంటే గోడకు ఆనుకుని గురక పెట్టానట. మా పిన్ని భుజం కుదిపి లేపింది. లేచాక కూడా ఏడుపు రాలేదు. ఎవరో ముసలామె, కళ్ళే తీసేసినారు, నీళ్ళు యాడ నుంచి వస్తాయిలే పాపం అనింది. అది తప్పు. కళ్ళు తీసేసినా నీళ్ళు వస్తాయి, వాటి దారి వేరే. ఆమెకు విడమరిచి చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. నాకు నీళ్ళు లేక కాదు, దుఃఖమే రాలేదు. నాయనను తీసుకుపోయారు, నేను మళ్ళీ పడుకున్నాను.

మా అత్త మంచి మనిషే కానీ దేనికైనా ఒక కారణం కనిపెట్టందే ఆమెకు అన్నం సహించదు. గోడ మీద క్యాలెండర్ చూసి చూసి, అమావాస్య దగ్గరపడితే చాలు దీనికి ఇట్టయితాంది అని తేల్చింది. నేను కొట్టిపారేశాను. కానీ దరిద్రం చూడండి, కొన్ని నెలల పాటు అది నిజమే అయింది. అమావాస్య వస్తోందంటే పట్టపగలు నిద్ర, పున్నమి వేళకు మామూలు. చదువుకున్నదాన్ని, చంద్రుడి గురించి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నేను కూడా ఈ రోజు తిథి ఏంది అని అడగడం మొదలుపెట్టాను. గాలి సోకింది అని ఆమె అంటే సోకిందేమోలే అనుకున్నాను. కాదని వాదించాలంటే దానికి కూడా కొంచెం ప్రాణం ఉండాలి కదా.

అనుమసముద్రంపేట దర్గా మాకు దగ్గరే. గాలి సోకిందన్నవాళ్ళు అక్కడ కొన్ని రాత్రులు నిద్ర చేస్తారు, హిందువులైనా ముస్లింలైనా. నిద్ర పట్టనిదాన్ని నిద్ర చేయడానికి తీసుకుపోవడం ఏంది అమ్మా అని మా ఆయన నవ్వాడు. మా అత్త వినలేదు. దసరా సెలవుల్లో ఒక గది తీసుకుని అక్కడే ఉన్నాం. సాంబ్రాణి పొగ, మల్లెపూలు, చక్కెర చదివింపులు, జుట్టు విరబోసుకుని ఊగిపోయే ఆడవాళ్ళ కేకలు. వెళ్ళిన కొత్తలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా పడి నిద్రపోయి, రాత్రంతా కూర్చునే ఉన్నాను. రోజులు గడిచేకొద్దీ నిద్ర రాత్రి వైపుకు జరిగింది. సెలవులు ముగిసేసరికి అందరితో పాటు పడుకుని, అందరితో పాటు లేచాను. మా అత్త చక్కెర పంచింది, నా దండచేతికి తాయెత్తు కట్టించింది. నేనూ నమ్మాను. మునిగేవాడు గడ్డిపరక దొరికితే అది ఏ చేని గడ్డి అని అడగడు.

తిరిగొచ్చి పట్టుమని రెండు వారాలు గడవకముందే మళ్ళీ మొదలైంది. ఈసారి అమావాస్యతో పోలేదు. తర్వాతి పున్నమికి కూడా పట్టపగలు పడి నిద్రపోయాను. మా అత్త క్యాలెండర్ దగ్గరికి పోయి, కాగితాలు అటూ ఇటూ తిప్పి, వంటింట్లోకి పోయింది. ఇప్పుడు ఆలోచిస్తే, నా నిద్ర తిరిగి రాత్రికి చేరే రోజులూ మేం దర్గాలో ఉన్న రోజులూ కలిశాయి, అంతే. దర్గాను మాత్రం నేను ఒక్క మాట అనను. అక్కడున్నన్నాళ్ళూ నన్ను సోమరిపోతు అన్నవాళ్ళు ఒక్కరు లేరు.

ఆ తర్వాతే వీడియో. వీడియో చూసి విద్యాశాఖ అధికారి ఒకాయన స్కూలుకు వచ్చాడు. కటువుగా మాట్లాడలేదు. నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, అప్పుడు చెప్పాడు.

"మీ మీద నాకు గౌరవం ఉండాదమ్మా. కానీ పిల్లల తల్లిదండ్రులకు నేను జవాబు చెప్పాల. పెద్ద పరీక్షల లోపల చెప్పకుండా ఒకరోజు వచ్చి మీ క్లాసులో కూర్చుంటాను. ఆ రోజు మీరు నిద్రపోయినారంటే మెడికల్ బోర్డుకు రాయక తప్పదు."

మెడికల్ బోర్డంటే ఉద్యోగానికి పనికిరావని ముద్ర వేసి ఇంటికి పంపడం. ఆయన పోయాక హెడ్మాస్టరు, ఈ నాలుగు నెలలూ కళ్ళల్లో వత్తులు వేసుకుని ఉండండి టీచర్ అన్నాడు. వేసుకోవడానికి కళ్ళేవి సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. నేను నవ్వించడానికి అనలేదు కూడా. కానీ ఆ రోజు బస్సులో ముందు సీటు కడ్డీని ఆత్మకూరు దాకా వదలకుండా పట్టుకుని కూర్చున్నాను. అది భయమని, చాలా రోజులకు వచ్చిన భయమని తర్వాత తెలిసింది. కళ్ళు లేకుండా బతకడం నాకు చేతనవును. క్లాసు లేకుండా ఎలాగో తెలియదు.

మా ఆయన ఎవరినో అడిగి నెల్లూరులో ఒక నరాల డాక్టరు దగ్గర టైము తీసుకున్నాడు. ఆ రోజు ఆయనకు సెలవు దొరకలేదు. మా అత్తే నన్ను తీసుకుపోయింది. డాక్టరు చిన్నమ్మాయి, గొంతును బట్టి. చాలా ప్రశ్నలు అడిగింది. కళ్ళు ఎప్పుడు తీయించుకున్నారని అడిగి, నా జవాబు రాసుకుని, సరే అనింది. ఆ తర్వాత చాలా వివరంగా చెప్పింది. చెప్పి ఉంటుంది. నాకు అప్పుడు పగటి నిద్ర నడుస్తోంది. సగం మాటల దగ్గరే ఆ కుర్చీలో జోగిపోయాను. నిద్ర గురించి చెబుతుంటే నిద్రపోయిన రోగిని ఆమె అదే మొదటిసారి చూసిందో ఏమో. విన్నది మా అత్త. ఆమె చెవికి పట్టిన మాట ఒక్కటే, నిద్రకు మాత్ర.

మా ఇళ్ళల్లో మాత్రలు పెద్దవాళ్ళ చేతిలో ఉంటాయి. వాళ్ళ లెక్క ఒకటే. నొప్పి ఉంటే మాత్ర, నొప్పి లేకపోతే మాత్ర లేదు. జ్వరం తగ్గిన పూటే మిగిలిన మాత్రలు అలమరలోకి పోతాయి, మళ్ళీ ఎవరికో పనికొస్తాయని. అలాగే ఇదీ నడిచింది. నాకు నిద్ర వచ్చిన రాత్రి, వచ్చే నిద్రకు మాత్రెందుకు దండగ అని ఇచ్చేది కాదు. రాని రాత్రి, పాపం ముసలి ప్రాణం, తెల్లవారుజామున లేచి వచ్చి, నా మంచం దగ్గర నిలబడి, ఇంకా పడుకోలేదా అని అడిగి, పాలు వెచ్చపెట్టి మాత్ర ఇచ్చేది. ఒకటికి పని చేయకపోతే రెండు. నేను మింగేదాన్ని. నెల తిరిగేసరికి నేను ఇంకా పాడయ్యాను. రాత్రి కాస్త నిద్రపట్టే రోజులు కూడా కరిగిపోయాయి. బ్లాక్‌బోర్డు పట్టుకుని నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నాను. పిల్లలు మాత్రం ఎంత మంచివాళ్ళంటే, నా మాట తడబడగానే అందరూ ఒక్కసారి దగ్గేవాళ్ళు.

రెండోసారి మా ఆయన సెలవు పెట్టి తనూ వచ్చాడు. మాత్ర ఏ వేళకు ఇస్తున్నారని డాక్టరు అడిగింది. మా అత్త కొంచెం గర్వంగానే చెప్పింది, రాత్రంతా కనిపెట్టుకుని ఉండి, మూడు మూడున్నర దాకా చూసి, ఇక రాదు అనుకున్నాకే ఇస్తున్నానని, ఊరికే వాడలేదని. డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఇది నిద్రమాత్ర కాదు పెద్దమ్మా," అనింది. "ఇది సాయంత్రం. మూడింటికి మీరు ఈమె ఒంటికి అప్పుడే పొద్దు గూకిందని చెబుతున్నారు."

తర్వాత ఆమె చెప్పింది నేను మెలకువగా ఉండి విన్నాను, అందుకని రాస్తున్నాను. మనిషి మెదడులో ఒక గడియారం ఉంటుందట. చాలామందిలో అది రోజుకు కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. పొద్దున వెలుతురు దాన్ని రోజూ సరిచేస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. చీకటి పడ్డాక మెదడే మెలటోనిన్ అనే పదార్థాన్ని వదిలి, రాత్రయిందని ఒళ్ళంతటికీ కబురు పెడుతుంది. ఆ మాత్ర అదే. మత్తు మందు కాదు, కబురు. ఆ గడియారం దృష్టిలో సాయంత్రం కాకముందు, కొంచెం ముందుగా ఇస్తే దాన్ని ముందుకు లాగుతుంది. రాత్రి గడిచిపోయే వేళ ఇస్తే వెనక్కి తోస్తుంది. ఎంత ఇచ్చాం అన్నది కాదు, ఎప్పుడు ఇచ్చాం అన్నదే లెక్క. రెండు ఇచ్చినా తప్పు వేళకు ఇస్తే తప్పే. రోజూ ఒకే వేళకు, నిద్ర వచ్చినా రాకపోయినా, అప్పుడే నిద్ర లేచి ఉన్నా సరే, ఎనిమిదికి వేసుకోవాలి. జారిపోతున్న గడియారం తిరిగి తిరిగి ఆ వేళ దగ్గరికి వచ్చినప్పుడు అక్కడ పట్టుకుంటుంది. వారాలు పట్టొచ్చు. పట్టుకున్నాక కూడా మానకూడదు. ఎన్నాళ్ళు అని మా ఆయన అడిగాడు. సాయంత్రాలు ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళు అని చెప్పింది.

ఆ వెలుతురు కబురు లోపలికి పోవలసింది కళ్ళలోంచే. చూపుకు పనికిరాని కళ్ళల్లో కూడా కొందరికి ఆ ఒక్క పని చేసే కణాలు మిగిలి ఉంటాయట. నాకూ ఉండి ఉంటాయి, అందుకే ఇరవై ఏళ్ళు చీకట్లోనే హాయిగా నిద్రపోయాను అని చెప్పింది. తీయించుకోకుండా ఉండాల్సింది అని నేననడం లేదమ్మా, ఆ నొప్పితో ఎవరూ ఉండలేరు అని కూడా చెప్పింది. నేను సరే అన్నాను. ఎందుకూ పనికిరావని తీయించి పారేసిన కళ్ళు అన్నాళ్ళూ నా కోసం పని చేశాయన్నమాట. ఏడవాల్సిన సంగతి ఇది అని నాకు తెలుసు. రాలేదు. మా అత్త మాత్రం మెట్లు దిగుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నేనే నిన్ను పాడు చేసినానా అమ్మీ అని అడిగింది. తెలిసి చేశావా అత్తా అన్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. అయ్యో అనిపించాలి కదా అని ఎదురు చూశాను, అనిపించలేదు.

బస్సులో మా ఆయన తనకు అర్థమైన పద్ధతిలో తేల్చేశాడు. జనం ఉన్నా లేకపోయినా టైముకు బండి తియ్యాల, రోజూ తీస్తా ఉంటే జనమే అలవాటు పడతారు, ఎక్కేవాళ్ళు ఉన్నప్పుడే తీస్తామంటే ఆ బండిని ఎవరూ నమ్మరు అని. మా అత్త దీనికి ఊఁ కొట్టింది.

ఆ రోజు నుంచి ఎనిమిది గంటలకు మా ఇంట్లో ఇంకో మాట లేదు. మా అత్త చూసే సీరియల్ సరిగ్గా ఎనిమిదికి వస్తుంది. దాని పాట మొదలవగానే ఆమె లేచి వచ్చి నా చేతిలో మాత్ర పెట్టేది. పాట అయిపోయేలోపు నేను మింగాలి. ఆదివారాలు సీరియల్ రాదు కాబట్టి ఆ రోజు మా ఆయన ఏ బస్టాండులో ఉన్నా ఫోన్ చేసేవాడు. పెళ్ళికి పోతే పెళ్ళిలో, బంతిలో కూర్చుంటే బంతిలోనే. ఒకసారి నేను సాయంత్రం ఏడున్నరకు నిద్ర లేచాను. ఇంకా ముఖం కూడా కడుక్కోలేదు, సీరియల్ పాట వచ్చింది. ఇప్పుడే లేస్తివి, ఇప్పుడు మళ్ళీ సాయంత్రమంటే నీ ఒళ్ళు నమ్ముతుందా అని మా అత్త గొణిగింది. గొణుగుతూనే ఇచ్చింది. మాత్రలు ఆత్మకూరులో ఒక షాపులో మాత్రమే తెప్పించి పెట్టేవాడు. అయిపోవడానికి వారం ముందే ఆమె వెళ్ళి వాడి ప్రాణం తీసేది.

మొదట్లో ఏ మార్పూ లేదు. నిద్ర తన దారిన తను తిరుగుతోంది. క్లాసులో కూర్చుంటే మునిగిపోతానని నిలబడే పాఠం చెప్పేదాన్ని. గుమ్మం దగ్గర కొత్త బూట్ల చప్పుడైతే ఆ అధికారేమోనని పాఠం ఆపి చెవి రిక్కించేదాన్ని. ఇవాళ వస్తే అయిపోయాను అనుకున్న రోజులు చాలానే ఉన్నాయి. ఆయన రాలేదు. సంక్రాంతి దాటింది. నిద్ర మెల్లగా మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి జరిగింది. జరిగి, ఆగింది. ఆగిన రోజు నాకేమీ తెలియలేదు. గంట కొట్టలేదు, వెలుగేమీ కనిపించలేదు. ఒకరోజు పొద్దున మా అత్త, నిన్ను లేపి ఎన్నాళ్ళయిందే అనింది. ఇద్దరం ఆలోచించాం. గుర్తు రాలేదు. మళ్ళీ ఎప్పుడు జారుతుందోనని ఇంకో రెండు వారాలు ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు, దిష్టి తగులుతుందని.

అధికారి వచ్చిన రోజు ఎండ బాగా ముదిరింది. ఒంటిపూట బడులు ఇంకా మొదలు కాలేదు. ఉదయగిరి ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కొండ రాళ్ళు కాగి ఆ సెగంతా ఊరి మీదికే కొడుతుంది. ఆయన పొద్దున్నుంచి మండలంలో ఇంకో మూడు బడులు తిరిగి, మా దగ్గర పిల్లలతో పాటు మధ్యాహ్న భోజనం చేసి, భోజనాల తర్వాతి పీరియడుకు నా క్లాసుకు వచ్చాడు. కావాలనే ఆ వేళ ఎంచుకున్నాడు. కళ్ళున్న టీచర్లు కూడా ఆవలింతలు తీసే వేళ అది. వెనక బెంచీలో కూర్చుని, కానివ్వండమ్మా అన్నాడు.

పాఠం నదులు. పెన్న. సోమశిల దగ్గర ఆనకట్ట, దాని కింద మునిగిన ఊళ్ళు, నీళ్ళు పారిన ఊళ్ళు, అన్నీ చెప్పాను. నా గొంతు నాకే వినిపిస్తోంది, స్పష్టంగా. నిద్ర రాలేదు. వస్తుందేమోనని లోపల వెతికాను, లేదు. తర్వాత పిల్లలచేత ఉపనదులు చెప్పించాను. జయమంగళి, కుందేరు, సగిలేరు, చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు. నేనొకటి అంటే వాళ్ళొకటి, రాగం తీస్తూ, మళ్ళీ మొదటి నుంచి. మూడోసారి చెప్పేటప్పుడు వెనక బెంచీ నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. దాని గురించి ఊరు ఊరంతా నాకు వివరించింది.

ముందు వరసలో ఒక పిల్ల, టీచర్, సార్ నిద్రపోయినాడు అని గుసగుసగా చెప్పింది. క్లాసంతా నవ్వు ఆపుకోలేక బెంచీలు కదులుతున్నాయి. ఎవరో దగ్గబోయారు, నాకు అలవాటైన ఆ దగ్గు.

"దగ్గొద్దు," అన్నాను. "ఎవరూ లేపొద్దు. మెల్లగా చెప్పండి."

పిల్లలు గొంతు తగ్గించారు. జయమంగళి, కుందేరు, సగిలేరు. వాళ్ళ చేతుల్లో ఫోన్లు లేవు, కిటికీ దగ్గర కూడా ఎవరూ లేరు, ఆయన అదృష్టం. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వాల్సిన చోటని గుర్తుపట్టి నవ్వింది కాదు, అదే వచ్చింది. బోర్డు వైపు తిరిగి, ఏదో రాస్తున్నట్టు చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను. భుజాలు కదులుతున్నాయని పిల్లలకు తెలిసే ఉంటుంది.

బెల్లు కొడితే ఆయన ఉలిక్కిపడి లేచాడు. పిల్లలు బయటికి పోయాక నా దగ్గరికి వచ్చాడు. ఎంతసేపయింది అని అడిగాడు. ఉపనదులన్నీ అయిపోయినాయి సార్ అన్నాను.

"నేను బోర్డుకు ఏమీ రాయను లేమ్మా," అన్నాడు. "నన్ను లేపి ఉండచ్చు మీరు."

నిద్రపోయేవాళ్ళను లేపితే ఎట్టుంటుందో నాకు తెలుసు సార్ అన్నాను. ఆయన బూట్ల చప్పుడు వరండా దాటి పోయింది.

సాయంత్రం బస్సులో మా ఆయన స్నేహితుడైన కండక్టరు, ఏంది వదినా, ఈ రోజు ముఖం వెలిగిపోతాంది అన్నాడు. ఆత్మకూరు దగ్గర పడేకొద్దీ ఎండ వేడి తగ్గింది. కిటికీలోంచి గాలి చల్లబడింది. ఒంట్లో ఆ పాత బరువు మెల్లగా దిగడం తెలిసింది, పొద్దు గూకితే వచ్చే బరువు. మూడేళ్ళయింది దాన్ని చూసి. ఎందుకో పిల్లల రాగం ఇంకా చెవిలో తిరుగుతోంది. చిత్రావతి తర్వాత నోట్లోకి పాపగిని అని వచ్చింది. పాపాఘ్ని కాదు, పాపగిని. లాంతరు దగ్గర కూర్చుని, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివిన గొంతుతో.

ఇంటికి వచ్చేదాకా ఆపుకున్నాను. చెప్పులు విడవగానే గుమ్మంలోనే కూలబడ్డాను. నీళ్ళు చెంపల మీదుగా, మెడ మీదుగా కారిపోయాయి. ముక్కు చీదుకోవడానికి కూడా ఊపిరి ఆడలేదు. వంటింట్లోంచి మా అత్త పరిగెత్తుకొచ్చింది. ఉద్యోగం పోయిందనుకుంది. లేదు అత్తా, ఉద్యోగం నిలబడింది అని చెప్పాను.

"మరి ఎందుకే అట్ట ఏడస్తావు?"

"మా నాయన పోయినాడు అత్తా."

ఆమె నా పక్కన కూర్చుంది. మీ నాయన పోయి ఏడాది దాటింది కదే అని మెల్లగా అనింది. నాకు ఇప్పుడు తెలిసింది అన్నాను. ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది. కొంగుతో నా ముఖం తుడిచింది, మళ్ళీ తడిస్తే మళ్ళీ తుడిచింది. ఎంతసేపు అలా ఉన్నామో. లోపల సీరియల్ పాట మొదలైంది. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచిపోయి, మాత్ర, నీళ్ళ గ్లాసు తెచ్చి నా చేతుల్లో పెట్టి, నేను మింగేదాకా నిలబడింది.